బెర్లిన్ ఆఫర్ బాగుంది, అప్పు చేసి ఎక్కే ఫ్లైటే బాలేదు

ఈసారి ఒక్క ప్రశ్నే తీసుకుంటున్నా, ఎందుకంటే ఇలాంటి మెయిల్స్ ఈ మధ్య నాకు చాలా వస్తున్నాయి, ఊరు పేరు మారుతుంది తప్ప ప్లాన్ మాత్రం అచ్చం ఇదే.

ఆయనకి 34 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ప్యాకేజీ 26 లక్షలు. బెర్లిన్ కంపెనీ ఒకటి ఏడాదికి 65,000 యూరోలు ఇస్తానంది, రెండు నెలల్లో జాయిన్ అవ్వాలి. భార్య ప్రైవేట్ స్కూల్లో టీచర్, జీతం 28 వేలు, నాలుగేళ్ల పాప. బాచుపల్లి ఫ్లాట్ మీద 45 లక్షల హోమ్ లోన్, ఈఎమ్ఐ 39 వేలు. కారు ఈఎమ్ఐ 14 వేలు. వరంగల్‌లో ఉన్న అమ్మానాన్నలకి నెలకి 20 వేలు. బ్యాంకులో 1.9 లక్షలు, మ్యూచువల్ ఫండ్స్‌లో 6.5 లక్షలు, 5 లక్షల చీటీ ఒకటి నడుస్తోంది. ప్లాన్ ఏంటంటే 8 లక్షలు పర్సనల్ లోన్ 14 శాతానికి, ఇంకో 3 లక్షలు తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి, ముగ్గురూ ఒకేసారి వెళ్లిపోవడం, ఏడాదిలో యూరోలతో తీర్చేయడం. ప్రశ్న ఏంటంటే, "వెళ్లాక సిప్‌లు ఆపాలా, కంటిన్యూ చెయ్యాలా?"

సిప్‌ల సంగతి, అంటే నెలనెలా ఫండ్స్‌లో పెట్టే డబ్బు సంగతి, తర్వాత చూద్దాం అండి. ముందు ఆ రెండు రూపాయల వడ్డీ దగ్గర ఆగుదాం. ఏడాదికి 24 శాతం అది, 3 లక్షలకి నెలకి 6 వేలు వడ్డీయే పోతుంది, అసల్లో ఒక్క రూపాయి తగ్గదు. పర్సనల్ లోన్ ఐదేళ్లకి పెట్టుకుంటే ఈఎమ్ఐ 18,600. యాప్‌లో "ప్రీ అప్రూవ్డ్" అని కనబడితే అది మీ డబ్బు అయిపోదు. హైదరాబాద్ జీతం చూసి ఇస్తున్న అప్పు అది, ఆ జీతం రెండు నెలల్లో ఉండదని మీకు తెలుసు, బ్యాంకుకి తెలీదు.

65,000 ని వందతో గుణించి 65 లక్షల ప్యాకేజీ అని మెయిల్లో రాశారు. ఇక్కడే అందరూ పడేది. లెక్క సులువుకి యూరో వంద రూపాయలే అనుకుందాం. భార్య కూడా అక్కడికి వచ్చి, అడ్రస్ రిజిస్టర్ చేసుకుని ట్యాక్స్ క్లాస్ త్రీకి, అంటే ఒకరి జీతం మీదే నడిచే కుటుంబానికి పన్ను తక్కువ పడే వర్గానికి, మారాక చేతికి నెలకి ఓ 3,800 యూరోలు వస్తాయి, మీరొక్కరే అక్కడుంటే క్లాస్ వన్‌లో 3,400 చుట్టుపక్కల. ముగ్గురికి ఇల్లు హీటింగ్‌తో కలిపి 1,500 పెట్టుకోండి, తిండి, కరెంటు, ఫోను, బస్సు ఇంకో 1,200. ఇక్కడి ఈఎమ్ఐలు, ఇంటికి పంపేది, కొత్త అప్పులు అన్నీ కలిపితే 97,600, అంటే 976 యూరోలు. మిగిలేది నూట పాతిక లోపే! పాపకి ఒక మంచి చలికోటు, బూట్లు కొంటే ఆ నెల అయిపోయింది. పైగా భార్య 28 వేల జీతం ఆగిపోతుంది, అది మీ లెక్కలో ఎక్కడా లేదు. పిల్లల అలవెన్స్ కింద అక్కడి గవర్నమెంట్ 250 యూరోల పైచిలుకు ఇస్తుంది నిజమే, కానీ అప్లై చేసి చేతికొచ్చేదాకా దాన్ని లెక్కలో వేసుకోకండి.

ఇదంతా ఉద్యోగం సవ్యంగా ఉంటేనే. జర్మనీలో ప్రొబేషన్ మామూలుగా ఆరు నెలలు పెడతారు, ఆ టైమ్‌లో రెండు వారాల నోటీసుతో పంపించేయొచ్చు, పెద్ద కారణం కూడా చెప్పక్కర్లేదు. అక్కడ నిరుద్యోగ భృతి ఉంది కదా అంటారేమో, అది రావాలంటే కనీసం 12 నెలలు కాంట్రిబ్యూషన్ కట్టి ఉండాలి. బ్లూ కార్డ్ మీద, అంటే మీలాంటి ఉద్యోగులకి అక్కడిచ్చే పర్మిట్ మీద, మొదటి రెండేళ్లలో ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి మామూలుగా దొరికేది మూడు నెలలు. అంటే మొదటి ఏడాది మీ కింద వల లేదు, మీరు కట్టుకున్నదే వల. ఆ వల లేకుండా పైగా 11 లక్షల బరువు నెత్తిన పెట్టుకుని భార్యాపిల్లతో తాడు మీద నడుస్తానంటున్నారు, నాకు కోపం రాకుండా ఎలా ఉంటుంది చెప్పండి.

విదేశానికి వెళ్లేవాళ్లకి ఎమర్జెన్సీ ఫండ్ ఒకటి చాలదు, రెండు కావాలి, ఒకటి రూపాయల్లో, ఒకటి యూరోల్లో. ఇక్కడ ఆరు నెలల హోమ్ లోన్ ఈఎమ్ఐ, అమ్మానాన్నల ఖర్చు, అంటే 59 వేలు ఇంటూ ఆరు, 3.54 లక్షలు. అక్కడ మీ ఒక్కరికి నెలకి 1,500 చొప్పున మూడు నెలలకి 4,500 యూరోలు, అంటే 4.5 లక్షలు. మొత్తం 8 లక్షల పైచిలుకు. మీ బ్యాంకు బ్యాలెన్స్, ఫండ్స్ కలిపితే 8.4 లక్షలు. ఫండ్ మీ దగ్గరే ఉంది మహానుభావా, దాన్ని ముట్టుకోకుండా 24 శాతానికి బయట తెస్తానంటున్నారు! మార్కెట్‌లో ఏ ఫండ్ మీకు ఏటా 24 శాతం గ్యారంటీగా ఇస్తోందో నాకూ చెప్పండి, నేనూ పెడతా. ఆ 6.5 లక్షలు తీసేయండి, సిప్‌లు ఏడాది ఆపేయండి. అదీ మీ ప్రశ్నకి జవాబు.

కానీ ఈ లెక్క కుదరాలంటే ముందు మీరొక్కరే వెళ్లాలి, ప్రొబేషన్ అయ్యేదాకా భార్య, పాప బాచుపల్లిలోనే. ఇది వినడానికి బాధగానే ఉంటుంది, నాకు తెలుసు, పాప నాన్న ఎప్పుడొస్తాడు అని రోజూ అడుగుతుంది. అయితే ఆమె 28 వేలతో ఇంటి ఖర్చు గడుస్తుంది, మీరు రూమ్ షేర్ చేసుకుని ఉంటే నెలకి వెయ్యి యూరోల పైనే మిగులుతుంది, ఆరు నెలల్లో 7,000 యూరోల దాకా చేతిలో ఉంటుంది. అప్పుడు ఇల్లు తీసుకోండి. డిపాజిట్ మూడు నెలల అద్దె దాకా అడుగుతారు, హీటింగ్ ఖర్చులు కలపకుండా, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు చట్టంలోనే ఉంది. ఇంకో మాట, అక్కడ చాలా ఇళ్లలో కిచెన్ ఉండదు, అంటే గది ఉంటుంది, స్టవ్, సింకు, కబోర్డులు మీరే కొనుక్కోవాలి. మనవాళ్లు ఇది చూసి షాక్ అవుతారు.

కారు అమ్మేసి లోన్ క్లోజ్ చెయ్యండి, ఇప్పుడే. వీసాకి 1.5 లక్షలు అడుగుతున్న కన్సల్టెన్సీకి దండం పెట్టి వచ్చేయండి, నేషనల్ వీసా ఫీజు పెద్దవాళ్లకి 75 యూరోలు, ఆఫర్ ఇచ్చిన కంపెనీయే కాగితాలు ఇస్తుంది. రీలొకేషన్ డబ్బు ముందు ఇస్తారా, ఖర్చుపెట్టి బిల్లులు పెట్టాక ఇస్తారా, ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలా, ఈ మూడూ హెచ్ఆర్‌ని మెయిల్లోనే అడగండి, ఫోన్లో కాదు. ఫస్ట్ జీతం వచ్చేది నెలాఖరుకి, అప్పటిదాకా ఇక్కడి ఈఎమ్ఐలకి అకౌంట్‌లో రెండు నెలల డబ్బు వదిలి వెళ్లండి. ఒక్కటి బౌన్స్ అయినా హోమ్ లోన్‌లో కో అప్లికెంట్‌గా ఉన్న భార్య సిబిల్ స్కోరు కూడా దెబ్బతింటుంది. సేవింగ్స్ అకౌంట్‌ని విదేశాల్లో ఉండేవాళ్ల రూపాయల ఖాతా అయిన ఎన్ఆర్ఓకి మార్చడం, పీఎఫ్ కదపకుండా వదిలేయడం, ఇవి మామూలే.

అన్నిటికన్నా ముందు చెయ్యాల్సిన పని మీ మెయిల్లో చివరి లైన్లో ఉంది, మీరు దాన్ని ప్రశ్నగా కూడా అడగలేదు. "నాన్నకి షుగర్, రెండేళ్ల కింద స్టెంట్ వేశారు, కంపెనీ పాలసీలో కవర్ అవుతున్నారు." ఆ కవర్ సాధారణంగా మీ లాస్ట్ వర్కింగ్ డేతో పోతుంది. జర్మనీలో మీ ఇన్సూరెన్స్ జీతం లేని భార్యకి, పాపకి ఎక్స్‌ట్రా లేకుండానే వర్తిస్తుంది కానీ వరంగల్‌లో ఉన్న నాన్నకి ఏ రకంగానూ రాదు. కొత్త పాలసీ తీసుకుంటే ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ ఇవ్వరు, స్టెంట్ పేరు చెప్పి అసలు ఇవ్వకపోవచ్చు కూడా. అందుకే రిజైన్ లెటర్ పెట్టకముందే అదే ఇన్సూరెన్స్ కంపెనీలో ఇండివిడ్యువల్ పాలసీకి మారడానికి అప్లై చెయ్యండి, అలా మారితే కంపెనీ గ్రూప్ పాలసీలో గడిచిన వెయిటింగ్ కాలానికి క్రెడిట్ వస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇండివిడ్యువల్ హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. నా క్లయింట్ ఒకాయన ఈ పని "అక్కడికి వెళ్లి సెటిలయ్యాక" అని వాయిదా వేశాడు, వెళ్లిన నెలకే వాళ్ల నాన్న ఆసుపత్రిలో పడ్డారు, బిల్లు కట్టడానికి ఇక్కడ భార్య గాజులు తాకట్టుకి వెళ్లాయి.

చీటీ గురించి కూడా అడిగారు, ఇప్పుడే పాడేసుకుంటే మేలా అని. తొందరపడి నష్టానికి పాడకండి, నెలనెలా కట్టుకుంటూ పోండి, కుటుంబం బయల్దేరే టైమ్‌కి పాటలో కోత తగ్గుతుంది, టికెట్లకి అది పనికొస్తుంది.