ఎల్క్ వేటకు లేజర్ రేంజ్‌ఫైండర్ కొనాలా? ఎంత దూరం చూపించేది తీసుకోవాలి?

ప్రశ్న: డెన్వర్‌లో ఉంటాను. ఈ అక్టోబరులో మొదటిసారి రైఫిల్‌తో ఎల్క్ వేటకు వెళ్తున్నాను. 1500 గజాల దాకా దూరం కొలిచి చూపించే రేంజ్‌ఫైండర్ ఒకటి ఆఫర్‌లో ఉంది. అది ఉంటే దూరం నుంచే కొట్టొచ్చా? కంటి అంచనా సరిపోదా?

జవాబు:

కొనండి. కానీ ఆ 1500 చూసి మాత్రం కొనకండి.

పెట్టె మీద పెద్దక్షరాల్లో వేసే దూరం, వెలుగును బాగా తిప్పికొట్టే వస్తువుల లెక్క. రోడ్డు పక్కన మెరిసే బోర్డుల్లాంటివన్నమాట. ఎల్క్ (జింక జాతిలో పెద్దది) బొచ్చు మీద పడిన లేజర్‌లో వెనక్కి వచ్చేది కొంచెమే. అందుకే అదే పెట్టె మీద చిన్నక్షరాల్లో చెట్టుకు ఎంత, జింకకు ఎంత అని విడిగా రాస్తారు. మీరు చూడాల్సింది జింకకు రాసిన అంకె. చాలా మోడళ్లలో అది పెద్ద అంకెలో సగం ఉంటుంది, కొన్నిట్లో అంత కూడా ఉండదు. మిట్టమధ్యాహ్నం మంచు మీద ఎండ కొడుతుంటే ఇంకా తగ్గుతుంది. అయినా ఇబ్బందేం లేదు, 1500 వాడు ఎల్క్ మీద ఆరేడు వందలు చూపించినా మనకు కావాల్సిన దానికి రెట్టింపు.

కంటి అంచనా సంగతికొస్తే, మనవాళ్లలో చాలామందికి దూరం తెలిసింది క్రికెట్ గ్రౌండ్‌లో. పిచ్ 22 గజాలు, బౌండరీ డెబ్భై ఎనభై. అక్కడి దాకా కన్ను బాగానే పనిచేస్తుంది. తొమ్మిది పదివేల అడుగుల ఎత్తులో, లోయకు అవతలి గట్టు మీద నిలబడ్డ జంతువుని చూసి 250యా 350యా అంటే చెప్పలేం. గాలి తేటగా ఉంటుంది, మధ్యలో పోల్చుకోడానికి ఏమీ ఉండదు. పైగా ఎల్క్ బాగా పెద్ద జంతువు. జింకల్ని చూసిన కంటికి అది ఉన్నదానికంటే దగ్గరగా కనిపిస్తుంది.

ఆ తేడా ఎంత పనిచేస్తుందో చూడండి. 180 గ్రెయిన్ల బరువున్న తూటా వేసిన థర్టీ-ఆట్-సిక్స్ రైఫిల్‌ని 200 గజాల దగ్గర గురికి తగిలేలా సరిచేసి పెట్టుకుంటే, 300 దగ్గర తూటా సుమారు 8 అంగుళాలు కిందికి దిగుతుంది, 400 దగ్గర దాదాపు రెండడుగులు. 400ని 300 అనుకుని కొడితే తూటా గుండె, ఊపిరితిత్తుల కిందుగా పోతుంది, లేదంటే కాలు విరుగుతుంది. కాలు విరిగిన ఎల్క్ చీకటి పడేలోపు ఏ దట్టమైన అడవిలోకో వెళ్లిపోతుంది.

ఇక వాడటం. మీట నొక్కగానే కంటికి కనిపించని వెలుగు వెళ్లి తగిలి తిరిగొస్తుంది. 300 గజాలకు రానూపోనూ పట్టేది సెకనులో పది లక్షల వంతుల్లో రెండు కూడా కాదు. ఆ సమయాన్ని కొలిచి దూరం చెబుతుంది. వచ్చిన చిక్కల్లా ఆ వెలుగు ఏ వస్తువుకు తగిలి వచ్చిందో అది చెప్పదు. చాలా పరికరాల్లో 300 గజాల దగ్గర ఆ మచ్చ అడుగుకు పైగా వెడల్పు ఉంటుంది. మధ్యలో గడ్డి, ఆస్పెన్ చెట్టు కొమ్మ ఏదున్నా సరే కొంత వెలుగు అక్కడి నుంచే వెనక్కి వస్తుంది. కొలరాడోలోని ఫ్లాట్ టాప్స్ కొండల‌లో ఒక సాయంత్రం పొదల మీదుగా ఆడ ఎల్క్‌ని కొలుస్తుంటే నాకు 94, 271, 95, 270 అని మార్చి మార్చి వచ్చింది. 94 ముందున్న పొదది, 271 జంతువుది. అలాంటప్పుడు ఒక్కసారి నొక్కి నమ్మకూడదు. మీట నొక్కి పట్టుకుని స్కాన్‌లో అటూ ఇటూ తిప్పితే, జంతువును దాటగానే అంకె ఎక్కడ మారుతుందో కనిపిస్తుంది. సెట్టింగుల్లో గోల్ఫ్ మోడ్ ఉంటే అది తీసేయండి. గోల్ఫ్‌కు దగ్గరి జెండా కావాలి కాబట్టి మొదట తగిలినదాన్ని చూపిస్తుంది. వేటకు చివర తగిలినదాన్ని చూపించే మోడ్ కావాలి. గజాలా మీటర్లా అన్నది కూడా ఇంట్లోనే చూసుకోండి, 300 మీటర్లంటే 328 గజాలు.

అన్నిటికంటే పనికొచ్చిన అలవాటు ఇది. కూర్చున్న చోటి నుంచి, జంతువు రాకముందే, చుట్టూ ఉన్నవన్నీ కొలిచి పెట్టుకుంటాను. ఎండిన స్ప్రూస్ చెట్టు 210, తెల్ల బండ 285, అడవి అంచు 370. ఎల్క్ వచ్చాక చేతులు వణుకుతాయి, ఊపిరి గట్టిగా వస్తుంది, అప్పుడు ఆరు రెట్లు పెద్దది చేసి చూపించే పరికరాన్ని నిలకడగా పట్టుకోవడం మీరనుకున్నంత తేలిక కాదు. ముందే కొలిచి ఉంటే, బండకు ఇవతల నిలబడిందంటే 285 లోపు అని తెలిసిపోతుంది. పరికరం ముట్టుకోనక్కర్లేదు.

ఏటవాలు ఉన్నచోట ఇంకో సంగతి. తూటాను భూమి లాగేది అడ్డంగా ఉన్న దూరాన్ని బట్టి, మన కంటికీ జంతువుకీ మధ్య వాలు గీతను బట్టి కాదు. 30 డిగ్రీల వాలులో 350 గజాలంటే గురి లెక్కకు 303 మాత్రమే. 350 అనుకుని కొడితే ఆరేడు అంగుళాలు పైకి పోతుంది. కోణం సరిచేసి చెప్పే మోడల్ తీసుకోండి. అది చూపిస్తున్న అంకె సరిచేసినదా, చేయనిదా అన్నది ముందే తెలుసుకోండి. ఇప్పుడు ఓ మాదిరి ధరవాటికీ ఈ సౌకర్యం ఉంది.

దూరం నుంచే కొట్టొచ్చా అన్నారు. నేనైతే 300 దాటితే కొట్టను. షూటింగ్ రేంజ్‌లో కూర్చుని, కర్రల ఆసరాతో, బెంచీ లేకుండా నా తూటాలు ఎక్కడి దాకా ఒకచోట పడుతున్నాయో చూసుకుని పెట్టుకున్న హద్దు అది. ఒకసారి నేను రైఫిల్ మీద ఉంటే పక్కన మా బావమరిది కొలుస్తున్నాడు. "బావా, 338" అన్నాడు గుసగుసగా. ఎల్క్ పక్కకు తిరిగి హాయిగా మేస్తోంది, గాలి మా మొహానికే కొడుతోంది. "ఆగు, దిగుదాం" అన్నాను. వాగు పట్టుకుని వంగి నడిచాం. మేం గట్టెక్కేసరికి అది 240 దగ్గర ఉంది. రేంజ్‌ఫైండర్ లేకపోతే ఆ 338ని ఇద్దరం మూడొందల లోపే అనేసుకునేవాళ్లం. అది గాలి గురించి ఒక్క ముక్క చెప్పదని కూడా గుర్తుంచుకోండి. గంటకు 10 మైళ్ల అడ్డగాలి 400 గజాల్లో తూటాను సుమారు అడుగు పక్కకు తోసేస్తుంది.

కొనేటప్పుడు, దుకాణం లైట్ల కింద కాకుండా బయట మసక వెలుతురులో చూడండి. ఎల్క్ బయటికొచ్చేదే ఆ వేళకు. నల్లంకెల ఎల్‌సీడీ, నల్లటి అడవి మీద పెడితే అసలు కనిపించదు, ఎర్రంకెలు వెలిగేది తీసుకోండి. చలికి బ్యాటరీ నీరసపడుతుంది, లోపలి జేబులో పెట్టుకుని, ఇంకొకటి అదనంగా ఉంచుకోండి. బైనాక్యులర్‌లోనే రేంజ్‌ఫైండర్ కలిపి వచ్చేవి సుఖమే గానీ, మొదటి ఏడాదికి అంత ఖర్చు అనవసరం.

కొలరాడోలో చేత్తో పట్టుకునే రేంజ్‌ఫైండర్‌కు అభ్యంతరం లేదు. దూరం కొలిచి తనే గురి లెక్క కట్టే కంప్యూటర్ స్కోప్‌ని రైఫిల్‌కు బిగిస్తే మాత్రం అది స్మార్ట్ రైఫిల్ కింద లెక్క, వేటకు నిషేధం. ఆఫర్లలో అవీ కనిపిస్తుంటాయి, చూసుకోండి.

మీరు అడగలేదు గానీ, మనవాళ్లు చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటి. హెచ్1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉంటే తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గరుంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు సాధారణంగా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు అయితేనే లైసెన్సు ఇస్తారు. కాబట్టి ముందు కోర్సు, తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే రైఫిల్. గ్రీన్ కార్డు ఉంటే ఈ వీసా గొడవ లేదు.

మీ ట్యాగ్ (వేట అనుమతి) ఏ వేట యూనిట్‌ది, రైఫిల్ ఏది అన్నది కింద రాస్తే, 200 గజాలకు సరిచేశాక ఎక్కడెక్కడ ఎంత దిగుతుందో లెక్క పంపిస్తాను.