మామ్మగారిని అడిగి రాయి

అమ్మాయీ,

ఆశీస్సులు. మీ తాతగారి మిలిటరీ జీవితం గురించి నువ్వు రాసి పంపిన పదకొండు పేజీలూ అందాయి. మొన్న మధ్యాహ్నం వీధి అరుగు మీద కూర్చుని ఒకసారి, రాత్రి భోజనాలయ్యాక ఇంకోసారి చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. "వీరుడు" అనే మాట పద్నాలుగు సార్లు వచ్చింది. మీ మామ్మగారు రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ కాఫీ గ్లాసుతోనే.

కోప్పడుతున్నాననుకోకు. నేనూ ఇలాంటి పనే చేసి చీవాట్లు తిన్నవాణ్ణి. మా బాబాయి పోయినప్పుడు పెద్దకర్మ నాటికి చిన్న పుస్తకం వేద్దామన్నారు ఇంట్లోవాళ్ళు. కథలు రాస్తాను కదా అని నాకు అప్పజెప్పారు. ఆయన 1971లో మిలిటరీలో ఉన్నాడని తప్ప నాకేమీ తెలీదు. మిగతాదంతా కల్పించాను. తూటాల వర్షం, గాయపడ్డ స్నేహితుణ్ణి భుజాన వేసుకుని పరుగు, అన్నీ పెట్టాను. పుస్తకాలు పంచాక పిన్ని నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఒరే, మీ బాబాయి లారీలు బాగుచేసేవాడురా. ఎక్కడో షెడ్డులో, రాత్రీ పగలూ బళ్ళకింద పడుకుని. నడుం నెప్పి అక్కడ పట్టుకున్నదే, పోయేదాకా వదల్లేదు. అది రాయలేదేం?" అంది. ముప్పయ్యేళ్ళు ఆ నడుముకి నూనె రాసిన మనిషి అడిగింది. నేనేం చెప్పను? ఆ పుస్తకం కాపీ ఒకటి ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఎవరికీ చూపించను.

ఇక నీ పేజీల సంగతి. మీ తాతగారు 1966లో సైన్యంలో చేరి, 1981లో పెన్షన్ మీద వచ్చేశారని రాశావు. పదిహేనేళ్ళ సర్వీసు. అందులో 1971 డిసెంబర్ 3 నుంచి 16 దాకా పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధం పద్నాలుగు రోజులు. దానికి నువ్వు ఆరు పేజీలిచ్చావు. ఇంకో లెక్క చూడు. జవానుకి ఏడాదికి రెండు నెలల లీవు, పైన కొన్నాళ్ళు క్యాజువల్ లీవు. అన్నీ కలిపి మూడు నెలలు వేసుకున్నా పదిహేనేళ్ళకి నలభై ఐదు నెలలు. అంటే నాలుగేళ్ళు కూడా ఇంట్లో లేరు. అలాంటి మనిషిని "ఆదర్శ కుటుంబీకుడు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాకు చదువుతున్నంతసేపూ అదే ప్రశ్న. ఇంట్లోనే లేని మనిషి కుటుంబాన్ని అంతలా ఎలా పట్టుకుని ఉన్నాడు? నీ రచన అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరగాలి.

దానికి జవాబు ఆ ట్రంకు పెట్టెలోని ఉత్తరాల కట్టలో కొంత దొరుకుతుంది. కవర్ల మీద 99 ఏపీఓ అని, అంటే ఆర్మీ పోస్టాఫీసు నంబరు, ఉందన్నావు కదా, అంటే ఆ రోజుల్లో ఆయన తూర్పు వైపు ఉన్నారన్నమాట. పడమటి సరిహద్దు అయితే 56 ఏపీఓ అని ఉండేది. ఆ అడ్రసులో ఊరు పేరు ఉండదు. మొగుడు ఎక్కడున్నాడో తెలీకుండా ఒక అంకె మీద నమ్మకంతో ఉత్తరం వేయించేది మీ మామ్మగారు. వేయించేది అన్నాను, గమనించావా? ఆవిడకి చదువు రాదని నువ్వే ఒకచోట రాశావు. అయితే ఆయన ఉత్తరాలు ఎవరు చదివి పెట్టేవారు? పోస్టుమానా, బళ్ళో మాస్టారా, పక్కింటి కుర్రాడా? అది తెలుసుకో ముందు. పరాయివాడు పైకి చదువుతాడని తెలిసిన మనిషి పెళ్ళానికి ఏం రాయగలడు? "ఉభయకుశలోపరి" అంటాడు. ఆవు ఈనిందా అంటాడు, దాళ్వా ఊడ్పులయ్యాయా అంటాడు, కాలవ కట్టేసేలోగా చెరువు నింపించమంటాడు. నువ్వు ఆ వాక్యాలని "వ్యవసాయ విషయాలు" అని ఒక్క లైనులో దాటేశావు. నాకైతే ఆ ఆవు కబురులో ఆయన చెప్పదలుచుకున్నదంతా ఉందనిపించింది. మనియార్డరు కూపన్లు కూడా ఉంటే తియ్యి. ఆ చిన్న జాగాలో పట్టినంతే రాయాలి కాబట్టి ఏది ముఖ్యమనుకుంటే అదే రాసి ఉంటారు.

లీవులో వచ్చిన రోజు కూడా నీ పేజీల్లో లేదు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వైపు దిగి, నెత్తి మీద నల్ల పెట్టెతో గట్టు మీద నడిచి వచ్చేవారని మీ నాన్న నాతో అన్నాడు. రేవు దగ్గర చూసినవాడెవడో సైకిలు మీద ముందొచ్చి కబురు చెప్పేవాడట. మీ నాన్న మాత్రం మామ్మగారి చీర కొంగు చాటుకి వెళ్ళి, "ఆయనెప్పుడెళ్ళిపోతాడే?" అని అడిగేవాడట. నవ్వుతూనే చెప్పాడు నాతో. ఇలాంటిది నీకు చెప్పడానికి మొహమాటపడి ఉంటాడు. ఇప్పుడు నేను చెప్పేశాను కాబట్టి వెళ్ళి మిగతాది రాబట్టు.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది చూడు, అంతమంది సైన్యానికి వెళ్ళారు కాబట్టి మిలిటరీ మాధవరం అనే పేరే స్థిరపడిపోయింది. అక్కడ ఒక జవాను ఇంటికొస్తే పలకరించడానికి పాత సిపాయిలు పదిమంది ఉంటారు. మీ కొబ్బరితోటల ఊళ్ళో ఈయనొక్కరే. ముప్పై ఐదేళ్ళకి యూనిఫాం తీసేసి వచ్చి, సొంత పిల్లలకి కొత్తవాడై, ఊరికి "మిలిటరీ ఆయన" అయ్యారు. ఇంటిపేరు కూడా పోయింది. తెల్లారుజామున నాలుగింటికి లేచి దుప్పటి నాలుగంచులూ కలిపి మడతపెట్టే ఆ మనిషితో ఇల్లు ఎలా సర్దుకుందో, ఎవరెవరు విసుక్కున్నారో రాయి. విసుగు రాస్తే గౌరవం తగ్గిపోదు.

1996 తుపాను గురించి "గ్రామానికి విశేష సేవలందించారు" అని రాశావు. పంచాయతీ ఆఫీసు వాళ్ళ సన్మానపత్రంలా ఉంది. అదే సంగతి ఫోన్లో నాకు ఎంత బాగా చెప్పావు! నవంబర్ 6 రాత్రి, మీ డాబా ఇంట్లోకి చుట్టుపక్కల పాకల వాళ్ళందరినీ చేర్చి, అరగంటకోసారి చీకట్లో పేరుపేరునా పిలిచి లెక్క చూసుకున్నారని. నిద్రపోతున్న పిల్లల్ని కూడా లేపి "ఆయ్" అనిపించుకుంటుంటే తల్లులు తిట్టుకున్నారని. తెల్లారి చూస్తే మనుషుల లెక్క సరిపోయింది, ఆవు మాత్రం లేదు. అంతే రాయి. ఆ రాత్రికి వీరుడనే మాట అక్కర్లేదు. ఆ తర్వాత పడిపోయిన చెట్లు నరికించి, యాభయ్యేళ్ళ వయసులో మళ్ళీ కొబ్బరి మొక్కలు వేశారన్నావు. దేశవాళీ మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. ఇప్పుడు నువ్వు తాగే బొండాలు ఆ చెట్లవేనా? కనుక్కుని రాయి.

పతకాల విషయంలో ఊహించకు. వాటి మీద సన్నటి అక్షరాల్లో ఆయన నంబరూ, పేరూ చెక్కి ఉంటాయేమో, భూతద్దం పెట్టి చూడు. 1971లో తూర్పున పనిచేసినవాళ్ళకిచ్చింది పూర్వీ స్టార్, పడమట పశ్చిమీ స్టార్. నువ్వు పూర్వీ స్టార్ అని రాస్తూనే రాజస్థాన్ ఎడారిలో యుద్ధం చేయించావు. ఆయన సర్వీసు వివరాలుండే డిశ్చార్జి బుక్కు కూడా ఒకసారి తిరగేస్తే చాలా తప్పులు అక్కడే పోతాయి.

ఇంకొకటి. ఫ్యామిలీ పెన్షన్ కోసం నవంబరులో మామ్మగారు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా. ఈసారి బ్యాంకుకి నువ్వు తీసుకెళ్ళు. సెల్‌ఫోన్లో రికార్డింగు పెట్టి మొహం ముందు పట్టుకోకు, ఆవిడ బిగుసుకుపోతారు. ఆటోలో కూర్చుని, ఆ ఉత్తరాలు ఎవరు చదివేవారు మామ్మా అని మాత్రం అడిగి ఊరుకో. కట్ట విప్పే ముందు కూడా ఆవిడనే అడుగు. ఈ ఒక్కటీ విప్పొద్దు అని ఏదైనా పక్కన పెడితే, పెట్టెలో పెట్టేసి తాళం ఆవిడ చేతికిచ్చెయ్యి.

రెండో ప్రతి సంక్రాంతికి వచ్చినప్పుడు తెచ్చి చూపించు. తొందరేం లేదు.

ఇట్లు,
మీ మాస్టారు
అమలాపురం