పిల్లలతో హైదరాబాదు నాటక యాత్ర: ముందు రైలు సంగతి

మాస్టారూ, 40 మంది పదో తరగతి పిల్లలను విశాఖ నుంచి హైదరాబాదుకు నాటకం చూపించడానికి ఎలా తీసుకెళ్లాలని అడిగారు. ఒక్కో టికెట్టుపై ఆరుగురికే బెర్తులిస్తారు. కాబట్టి ప్రధానోపాధ్యాయుల లేఖ, పిల్లల జాబితా పట్టుకుని స్టేషనులో రిజర్వేషన్ అధికారిని ముందే కలవండి. సాయంత్రం బయలుదేరే గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారేసరికి చేరుస్తుంది, ఆ రాత్రి బస ఖర్చు తప్పుతుంది. రవీంద్రభారతిలో ప్రదర్శనైతే లక్డీకాపూల్ మెట్రో దగ్గరే. ఆడపిల్లలకు తోడుగా ఉపాధ్యాయినులు తప్పనిసరి.

నాటకం మాత్రం సురభి వారిదే ఎంచుకోండి. 1885లో మొదలైన కుటుంబ నాటక సమాజం అది. పాత్రలు గాలిలో తేలడం, వేదికపై వాన కురవడం పిల్లలు కళ్లారా చూడాలి. ముందుగా అనుమతి తీసుకుని, ఆట ముగిశాక తెర వెనక ఆ మాయలు చేసే కప్పీలు, తాళ్లు కూడా చూపించండి.