కొయ్య స్తంభాల నౌకాదళ స్థావరం

ప్రశ్న: పెనుకొండ దగ్గర కార్ల కర్మాగారంలో పనిచేసే కొరియా మిత్రుడొకరు తమ దేశంలో నౌకాదళ కేంద్రంగా ఉండిన పెద్ద కొయ్య మండపం గురించి చెప్పారు. దాని వివరాలు తెలుపగలరా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఆయన చెప్పినది యోసు నగరంలోని జిన్నమ్‌గ్వాన్ అయి ఉండాలి. జపాన్ దండయాత్రను సముద్రం మీదే నిలువరించిన సేనాని యి సున్‌షిన్ స్థావరంగా వాడుకున్న భవనం యుద్ధంలో కాలిపోగా, ఆయన వీరమరణం పొందిన మరుసటి ఏడాది, 1599లో, అదే స్థలంలో దీన్ని కట్టారు. 1716లో ఇదీ అగ్నికి ఆహుతైంది. ఇప్పటి కట్టడం 1718 నాటిది.

మన పాత మిద్దెల లెక్కలో చెప్పాలంటే ముందువైపు 15 అంకణాలు, లోతు 5 అంకణాలు. చుట్టూ గోడలు లేవు. పెంకుల కప్పు బరువంతా రాతి దిమ్మెల మీద నిలిపిన 68 లావాటి కొయ్య స్తంభాలే మోస్తాయి. లేపాక్షి రాతి స్తంభాలను చూసి పెరిగిన మనకు, ఇంత భారాన్ని కొయ్య మోయడం నిజంగా అబ్బురమే. ఇందులో రాజు పేరిట ఫలకం ఉంచి, అధికారులు రాజధాని దిక్కుగా నమస్కరించేవారు. జపాన్ పాలనలో దీన్ని బడిగా వాడారు. 2001లో కొరియా ప్రభుత్వం దీన్ని జాతీయ సంపదగా గుర్తించింది.