ముందు ఆ ఎముక సంగతి చూడండి, బ్యాలే తర్వాత

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. ఇంటర్ చదువుతూ వాలీబాల్ ఆడుతుంది. బ్యాలే డ్యాన్సర్లలా పాదం, మోకాలు, నడుము ఒకే వరసలో పెట్టి సాధన చేస్తే జంప్ పెరుగుతుందని, దెబ్బలు తగలవని కోచ్ చెప్పారట. యూట్యూబ్ చూసి ఇంట్లో చేస్తోంది. పాదాలు పూర్తిగా పక్కలకు తిప్పడం మాత్రం రావడం లేదు. ఎన్నాళ్లకు వస్తుంది? ఇది మంచిదేనా? అయిదు వారాలుగా కుడి మోకాలి కింద, ముందు ఎముక మీద నొప్పి ఉంది. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రతో తగ్గుతోంది. బరువు తగ్గాలని రాత్రి అన్నం మానేసింది. మూడు నెలలుగా నెలసరి రాలేదు, ఆటల వల్లేనని వాళ్లమ్మ అంటోంది.
– ఒక తండ్రి, కోనసీమ

జవాబు: మీరు అడిగింది బ్యాలే గురించి. నన్ను కంగారు పెట్టింది చివరి నాలుగు వాక్యాలు. అయిదు వారాల నొప్పి, మాత్రలు, తిండి తగ్గించడం, నెలసరి ఆగడం. ఎగిరే ఆట ఆడే అమ్మాయిలో ఈ నాలుగూ ఒకేసారి కనిపిస్తే, కాదని తేలేదాకా మేం స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే భారం పడి ఎముకలో వచ్చే సన్నని పగులు) అనే అనుకుంటాం. పిల్లను చూడకుండా అదేనని చెప్పలేను. కానీ ఈ వారంలోనే ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. అంతవరకూ ఎగరడం, పరుగెత్తడం పూర్తిగా ఆపించండి. సెలక్షన్స్ ఉన్నా సరే.

మామూలు షిన్ స్ప్లింట్స్ (పరుగు, ఎగరడం ఎక్కువై ముంగాలి ఎముక వెంట వచ్చే నొప్పి) అయితే ఎముక లోపలి అంచు వెంట జానెడు మేర నొప్పి ఉంటుంది. ఆట మొదట్లో బాధపెట్టి, ఒళ్లు వేడెక్కాక కాస్త సర్దుకుంటుంది. స్ట్రెస్ ఫ్రాక్చర్ నొప్పిని చాలామంది ఒక్క వేలితో చూపిస్తారు. అక్కడ నొక్కితే కాలు వెనక్కి లాక్కుంటారు. ఆడేకొద్దీ పెరుగుతుంది, ముదిరితే రాత్రి పడుకున్నా ఉంటుంది. ఎముక ముందు అంచున, మధ్యభాగంలో పగులు వస్తే మానడం చాలా ఆలస్యం. కొందరికి లోపల రాడ్ వేయాల్సి వస్తుంది. ఇంకో మాట, ఎక్స్‌రే బాగుందని నిశ్చింతగా ఉండకండి. మొదటి రెండు మూడు వారాల్లో చాలాసార్లు ఏమీ కనబడదు, ఆ తర్వాత కూడా ఒక్కోసారి దొరకదు. అనుమానం పోకపోతే డాక్టర్ ఎమ్మారై రాస్తారు. అప్పుడు ఖర్చని వాయిదా వేయకండి.

ఇప్పుడు ఆ మాత్ర. ఏ మాత్రో మీరు రాయలేదు. మీకూ తెలియదేమో. మన దగ్గర స్ట్రిప్ కత్తిరించి, నాలుగు రంగుల మాత్రలు కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు. అందులో డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ లాంటివి ఉండొచ్చు, స్టెరాయిడ్ కూడా ఉండొచ్చు. స్టెరాయిడ్ అదే పనిగా వాడితే ఎముకే గుల్లబారుతుంది. పెయిన్ కిల్లర్ ఖాళీ కడుపున వేసుకుని, మన ఉక్కపోతలో చెమటలు కక్కుతూ ఆడితే కడుపుకీ కిడ్నీలకీ ముప్పు. అసలు నష్టం ఇంకొకటి. మాత్రతో నొప్పి తగ్గింది, పగులు ఉంటే అది తగ్గలేదు. పిల్ల మళ్లీ ఎగురుతుంది, పగులు మళ్లీ పెరుగుతుంది. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారవుతున్న ఒక కుర్రాడు ఇలాగే ఇంజెక్షన్ చేయించుకుని 1600 మీటర్లు పరుగెత్తేవాడు. నెలన్నర తర్వాత ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చారు, ఎముక రెండు ముక్కలైంది. ఆ నెలన్నరలో ఒక్కరోజు వచ్చి చూపించుకున్నా బాగుండేది. మీరు అయిదు వారాలు ఆగారు. కోప్పడుతున్నానని అనుకోకండి, ఇంకో వారం ఆగకూడదనే చెబుతున్నాను.

నెలసరి సంగతి. ‘ఆటల వల్లే’ అని వదిలేసేది కాదండీ. శ్రమకు సరిపడా తిండి లేకపోతే శరీరం ముందుగా పొదుపు చేసేది అక్కడే. ఎముకను కాపాడే ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గుతుంది, దాంతోపాటు ఎముక బలమూ తగ్గుతుంది. జీవితాంతం వాడుకునే ఎముకను కూడబెట్టుకునే వయసు ఇది. గైనకాలజిస్ట్‌కి చూపించండి. నెలసరి ఆగితే చేసే మామూలు పరీక్షలన్నీ చేస్తారు, థైరాయిడ్, హిమోగ్లోబిన్, విటమిన్ డి కూడా చూడొచ్చు. మొహమాటం వద్దు. రాత్రి అన్నం ఈరోజే మొదలుపెట్టించండి, పెరుగు, గుడ్డు, చేప మీ ఇంట్లో ఏది కుదిరితే అది. తను తినడానికి భయపడుతుంటే ఆ సంగతి కూడా డాక్టర్‌కి చెప్పండి.

ఇక బ్యాలే. కోచ్ చెప్పినదాంట్లో నిజం ఉంది. వాలీబాల్ అమ్మాయిల్లో మాకు ఎక్కువ భయం ఏసీఎల్ లిగమెంట్, అంటే మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే పట్టీ, తెగడం. మగపిల్లల కంటే వీళ్లలో అది కొన్ని రెట్లు ఎక్కువ. ఎగిరి దిగేటప్పుడు మోకాలు వంగకుండా, లోపలికి వాలిపోతే అది తెగొచ్చు. బ్యాలేలో చిన్నప్పటి నుంచే దిగడం నేర్పిస్తారు. ముందు వేళ్లు, తర్వాత పాదం ముందు భాగం, ఆపై మడమ, చప్పుడు కాకుండా. మోకాలు వంగుతూ రెండో కాలివేలు మీదుగా వెళ్లాలి. అలా మోకాళ్లు వంచడాన్ని ప్లియే అంటారు. అంతెత్తు ఎగురుతున్నా బ్యాలే డ్యాన్సర్లలో ఏసీఎల్ గాయాలు మిగతా ఆటల వాళ్లకంటే తక్కువ కనబడటానికి ఈ అలవాటు ఒక కారణమని భావిస్తున్నారు. కాలు బాగుపడ్డాక బీరువా అద్దం ముందు చెప్పుల్లేకుండా నిలబెట్టి, ఒంటికాలి మీద మెల్లగా వంగమనండి. మోకాలు లోపలికి ఒరుగుతుంటే ఫిజియోథెరపిస్ట్ దగ్గర తుంటి కండరాల వ్యాయామాలు నేర్పించండి. ఈ పరీక్ష కూడా ఇప్పుడు వద్దు.

పాదాలు పూర్తిగా పక్కలకు తిప్పడం రాకపోతే వదిలేయండి. అది తుంటి దగ్గర నుంచి తిరగాలి. మనలో చాలామందికి అక్కడ ఒక్కో వైపు 40 నుంచి 60 డిగ్రీలకు మించి తిరగదు. రెండు పాదాలూ ఒకే గీత మీదకు తేవాలని బలవంతం చేస్తే మిగతా మెలిక మోకాలు, చీలమండ, పాదం మీద పడుతుంది. అరమండి (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమ) వేసే మన కూచిపూడి పిల్లలు మోకాళ్ల నొప్పులతో వస్తే నేను ముందు చూసేది అదే. వాలీబాల్‌కి అంత తిప్పుడు అవసరమే లేదు, పాదాలు ముందుకే ఉంచి చేయొచ్చు. యూట్యూబ్‌లో చెప్పేవాళ్లకు మీ అమ్మాయి తుంటి కనబడదు కదా.

ఒకటి గమనించండి. ఏసీఎల్ విషయంలో మేం మెచ్చుకునే ఆ బ్యాలే వాళ్లలోనే స్ట్రెస్ ఫ్రాక్చర్లు, నెలసరి తప్పడం తరచూ చూస్తాం. అక్కడా సన్నగా ఉండాలని కడుపు మాడ్చుకోవడమే ఒక పెద్ద కారణం. వరస ఎంత సరిగ్గా ఉన్నా తిండి లేని ఎముకకు అది చాలదు.

తను సాధన ఎక్కడ చేస్తుందో రాయలేదు. సిమెంటు కళ్లం మీదా? కాలువ గట్టు వెంట ఎప్పుడూ ఒకే పక్కన పరుగెడుతుందా? గట్టు వాలుగా ఉంటే ఒక కాలు రోజూ పల్లంలోనే పడుతుంది. డాక్టర్ అడగకపోయినా ఇది చెప్పండి. వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రే ఏదైనా ఉంటే పట్టుకెళ్లండి, మిగిలిన మాత్రలు పొట్లంతో సహా.