టెక్ సందేహాలు: గిటార్ల హోరులో నా బేస్ ఎక్కడ పోతోంది?

ప్రశ్న: నా దగ్గర పీజే రకం (పి, జె అనే రెండు పికప్‌లున్న) నాలుగు తీగల బేస్ గిటార్ ఉంది. మా బృందం హెవీ మెటల్ వాయిస్తుంది. గిటార్లూ బేసూ అన్నీ మామూలు శ్రుతికి ఒక టోన్ కిందికి దించుకుంటాం. రెండు గిటార్లు అందుకోగానే నా బేస్ మాయమవుతోంది. బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లు వేయించమని మిత్రులు అంటున్నారు. వేయించమంటారా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: వేయించవచ్చు, కానీ ఇప్పుడే వద్దు. (పికప్ అంటే తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం.) శ్రుతి దించాక మీ లావు తీగ సెకనుకు దాదాపు 37 సార్లు కంపిస్తుంది. గిటార్ లావు తీగ 73 సార్లు. అంటే మీ స్వరంలోని రెండో హార్మోనిక్ (మూలస్వరానికి రెట్టింపు కంపనం) సరిగ్గా గిటార్ మూలస్వరం మీదే పడుతోంది. ఆ 37 హెర్ట్జ్‌ను చిన్న యాంప్‌లు ఎలాగూ సరిగా పలికించలేవు. ఇక శ్రోతకు మీరు అక్కడ ఉన్నారని తెలిసేది తీగకు వేలో పిక్కో తగిలినప్పుడు పుట్టే 'టక్కు'తోనే. అది మధ్య పౌనఃపున్యాల్లో, ఇంచుమించు 700 నుంచి 2,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. వినపడటం లేదని బేస్ మీట తిప్పుకుంటూ పోతే బురద పెరుగుతుంది, అంతే.

మీరు రెండు పికప్‌ల వాల్యూమ్‌నూ పూర్తిగా పెంచి వాయిస్తున్నారని నా అనుమానం. అలా చేస్తే రెండు చోట్ల నుంచి వచ్చే సంకేతాలు కలిసి, కొన్ని మధ్య పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మీకు కావలసినవి సరిగ్గా అవే. తీగలు కింది చివర ఆనే బ్రిడ్జి దగ్గరి జె పికప్‌ను సున్నా చేసి, మధ్యలోని పి ఒక్కదానితో ఒక రోజు సాధన చేయండి. పైసా ఖర్చు లేదు.

ఇందులో ఇంకో లాభం ఉంది. పి పికప్‌లో రెండు ముక్కలుంటాయి. వాటి రాగితీగ చుట్లూ అయస్కాంత ధ్రువాలూ ఒకదానికొకటి ఎదురు కాబట్టి కరెంటు గుయ్యిమనే రొద రద్దవుతుంది. ఫెండర్ సంస్థ 1957లో తెచ్చిన ఏర్పాటు ఇది. జె పికప్‌లో సాధారణంగా రాగితీగ చుట్ట ఒక్కటే, కాబట్టి రొద రద్దు కాదు. మన ఇళ్ల కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ రొద 50, 100, 150ల దగ్గర, అంటే బేస్ పలికే చోటే వచ్చి కూర్చుంటుంది. డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా చేసే ఎఫెక్ట్) వేస్తే దాన్నీ కలిపి పెంచుతుంది.

తరువాత తీగలు. ఆరు నెలలుగా మార్చని తీగలకు ఏ పికప్ పెట్టినా మెరుపు రాదు. నేనూ ఒకప్పుడు తీగలు మార్చడానికి బద్ధకించి పికప్ కొన్నాను. అది ఇప్పటికీ సొరుగులోనే ఉంది. ఆపైన ఎత్తు: చివరి ఫ్రెట్ దగ్గర లావు తీగను నొక్కిపట్టి, పికప్‌కూ తీగకూ మధ్య సుమారు 3 మిల్లీమీటర్లు ఉండేలా స్క్రూలు తిప్పండి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి శ్రుతి వణుకుతుంది.

ఇవన్నీ చేశాక కూడా చాలదనిపిస్తే అప్పుడు కొనండి. నా ఓటు బ్యాటరీ అక్కర్లేని పాసివ్ పి పికప్‌కే. ఐరన్ మెయిడెన్ బేసిస్ట్ స్టీవ్ హారిస్ దశాబ్దాలుగా ప్రెసిషన్ బేస్‌తోనే (పి పికప్ పేరు దీన్నుంచే వచ్చింది) వాయిస్తున్నారు. పికప్‌ల సంస్థ సేమర్ డంకన్ ఆయన పేరిట తయారుచేసే ఎస్‌పీబీ-4 పికప్‌లో బ్యాటరీ లేదు. సిరామిక్ అయస్కాంతం ఉన్న పికప్‌లు సాధారణంగా కాస్త పదునుగా, గట్టిగా ఉంటాయి. ఆల్నికో అయస్కాంతం ఉన్నవి కొంచెం మెత్తన. పికప్ విద్యుత్ నిరోధం చెప్పే ఓమ్‌ల సంఖ్య చూసి మాత్రం మోసపోకండి. పికప్‌లో సన్నని రాగితీగ చుట్టినా ఓమ్‌లు పెరుగుతాయి, ధ్వని పెరగాలని లేదు.

ఐదు తీగల బేస్‌తో 31 హెర్ట్జ్ దాకా దిగేవారికి, భారీ డిస్టార్షన్‌లో రొద అసలు సహించనివారికి ఈఎంజీ వంటి యాక్టివ్ పికప్‌లు పనికొస్తాయి. అయితే వాటికి 25 కిలో-ఓమ్‌ల పొటెన్షియోమీటర్లు (వాల్యూమ్, టోన్ మీటల కింది భాగాలు) కావాలి. మీ బేస్‌లో ఉన్నవి బహుశా 250 కిలో-ఓమ్‌లవి. లోపల 9 వోల్టుల బ్యాటరీకి చోటు ఉందో లేదో కూడా ముందే చూసుకోండి.

ప్రశ్న: నా యాక్టివ్ బేస్‌లో బ్యాటరీ నెల కూడా రావడం లేదు. పికప్ పాడైందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వాయించడం అయ్యాక కేబుల్‌ను బేస్‌కే తగిలించి వదిలేస్తున్నారా? చాలా యాక్టివ్ బేస్‌లలో ఆ జాకే స్విచ్చు. యాంప్ ఆపేసినా సరే, కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. పీకి పక్కన పెట్టండి. అప్పటికీ ఇలాగే ఉంటే జాక్‌ను మెకానిక్‌కు చూపించండి.