ఎర్ర మచ్చ ఉన్న చోటల్లా వాన ఉండదు

ప్రశ్న: వాయుగుండం వార్త విని, ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం చూస్తే మా ఊరంతా ముదురు ఎరుపులో ఉంది. పొగాకు నాట్లు ఆపేశాను, చుక్క పడలేదు. ఇప్పుడు ఎవరో వాట్సాప్‌లో ‘తుఫాను లైవ్’ అనే ఏపీకే ఫైలు పంపారు. వేసుకోవచ్చా?
– ఒక రైతు, కొండపి

జవాబు: వేసుకోవద్దు. ఏపీకే అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్‌లో వేసే యాప్ ఫైలు. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిన ప్రతిసారీ నాకు ఇవే రెండు ప్రశ్నలు వస్తున్నాయి.

మీరు చూసినది పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) చిత్రం, అంటే కంటికి కనిపించని వేడి కిరణాలతో తీసినది. అందులోని ఎరుపు మేఘం పైభాగం ఎంత చల్లగా ఉందో చెబుతుంది, కింద ఎంత వాన పడుతోందో చెప్పదు. సముద్రం మీద లేచిన ఉరుముల మేఘం నెత్తిన ఏర్పడిన మంచు పొర పైగాలులకు చెదిరి చాలా దూరం పరుచుకుంటుంది. అదీ చల్లనిదే కనుక, వాన సముద్రంలో పడుతున్నా రంగు మాత్రం కొండపి మీద కనిపిస్తుంది. సముద్రం నుంచి తక్కువ ఎత్తులో వచ్చే మేఘాలు ఎరుపు లేకుండానే తడిపి పోతాయి. తుఫాను కేంద్రాన్ని నమ్ముకున్నా ఇదే చిక్కు: 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ, అది ఇంకా సముద్రంలో ఉండగానే నెల్లూరు వైపు కుండపోత కురిసింది.

మన వాతావరణ ఉపగ్రహం ఇన్సాట్-3డీఎస్ పరారుణ చిత్రంలో ఒక్కో చుక్క (పిక్సెల్) సుమారు నాలుగు కిలోమీటర్ల మేర ఉంటుంది. ఆ చుక్కలను నున్నగా సాగదీసి, మధ్యలో కంప్యూటర్ అంచనాలను అతికించి, ఏది ఫొటో, ఏది ఊహ అన్నది చెప్పకుండా సినిమాలా ఆడించే యాప్‌లను తయారుచేసేవారికి రైతు నష్టం పట్టదు. చిత్రం మీద సమయం ఉన్నా 0900 యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) అని ఉంటుంది. అంటే మనకు మధ్యాహ్నం 2.30. సాయంత్రం ఆరింటికి దాన్ని చూసి వాన ఇప్పుడే వస్తోందనుకుంటే తప్పు మీది కాదు.

వాన కోసమైతే, రేడియో తరంగాలతో చినుకులనే పట్టే రాడార్ చూడండి. శ్రీహరికోట, మచిలీపట్నం రాడార్ల చిత్రాలు వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. దూరం పెరిగేకొద్దీ రాడార్ కిరణం పైకి లేస్తుంది కనుక మీ దగ్గరి చిన్న జల్లులు కొన్ని తప్పిపోవచ్చు.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఆ ఏపీకే. మబ్బులు చూపించే యాప్‌కు మీ ఎస్సెమ్మెస్‌లతో ఏం పని? ఆ అనుమతి ఇస్తే బ్యాంకు ఓటీపీ మీ కన్నా ముందు దొంగ చదువుతాడు. యాక్సెసిబిలిటీ అనుమతి కూడా ఇస్తే తెర మీద మీ బదులు వాడే నొక్కగలడు. ఇప్పటికే వేసుకుని ఉంటే వెంటనే డేటా, వైఫై ఆపి, సిమ్ తీసేసి, మరో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా నిలిపివేయించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫిర్యాదు చేయండి.